పెద్దమ్మ పలికిన గొంతులు

పెద్దమ్మ పోయిందని సురేష్ ఫోన్ చేసినప్పుడు నేను ఖమ్మంలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి ఒకాయనకు దగ్గు మందు ఇస్తున్నాను. రోజుకు ఎన్నిసార్లు తాగాలో చెప్పబోతే మాట రాలేదు. వేళ్లతో చూపించాను. ఆయన నన్ను వింతగా చూసి వెళ్లిపోయాడు. షట్టరు సగం దించి లోపల స్టూలు మీద కూర్చున్నాను. ఏడవడానికి కాదు, వినడానికి. ఇప్పుడు ఎక్కడినుంచైనా ఏదైనా గొంతు వినిపిస్తుందేమోనని నిజంగానే భయపడ్డాను. బయట ఆటోల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆమె పేరు నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా ఇల్లు అంటే నేనుండే ఇల్లు కాదు. బస్టాండు వెనక సందులో ఒక పాత డాబా. గేటు మీద ‘ఆరోగ్య సలహా కేంద్రం’ అని చిన్న బోర్డు ఉంటుంది. ఎదురుగా మసీదు, సందు మొగలో చర్చి, వెనక రామాలయం మైకు. ఆ మూడింటి చప్పుళ్ల మధ్య మేము ఉండేవాళ్లం. మగవాళ్లను ప్రేమించిన మగవాళ్లు, నాలాగా ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్లు, మగపిల్లలుగా పుట్టి చీర కట్టుకుని బతుకుతున్నవాళ్లు, ఇంకా తామెవరో తేల్చుకోలేక ఊరికే వచ్చి కూర్చునేవాళ్లు. దాన్ని నడిపేది సురేష్. మందులు ఇప్పించడం, పోలీసు స్టేషన్‌కు తోడు వెళ్లడం, గది కిరాయికి ఇప్పించడం అతని పని. పెద్దమ్మ పని మాత్రం ఫలానా అని ఎవరూ చెప్పలేరు. వంట చేసేది. తలుపు దగ్గర కూర్చునేది. మగపిల్లవాడిగా పుట్టి, ఎప్పుడో ఇల్లు విడిచి, ఆడమనిషిగా ముసలిదైపోయిన మనిషి. నేను చూసేసరికి అరవై దాటే ఉంటాయి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు గేటు తీసే ఉంది. వరండాలో ఆమె నాకు వీపు పెట్టి కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వెనక్కి తిరగలేదు.

"చెప్పులు లోపట పెట్టుకో బిడ్డా. బయట ఉంటే ఎవలన్న గుర్తు పడ్తరు."

నేను అక్కడికి వచ్చేదాకా ముఖానికి చున్నీ కట్టుకుని, రెండు సందులు చుట్టి వచ్చాను. చెప్పుల సంగతి నాకు తట్టలేదు. అవి చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లాను. కొత్తవాళ్లను ఆ ఇంట్లో పేరు అడగరు. ఆమె కూడా అడగలేదు. కానీ ఇంకోటి అడిగింది.

"ఏదన్న ఒకటి మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. బస్సు గురించి చెప్పు."

బస్సులో సీటు దొరకలేదని, తల్లాడ దాకా నిలబడ్డానని ఏదో చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూసేటప్పుడు నాలుక మీద ఉంచుకుని ఆగుతామే, అలా ఆగింది. తర్వాత కళ్లు తెరిచి, "మీ అమ్మ నవ్వి మాట్లాడుతది. మాట ముందల నవ్వొస్తది," అన్నది.

నిజమే. నేను నవ్వలేదు, నవ్వుతూ మాట్లాడనూ లేదు.

కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనూ ఆమె అలాగే వినేది. పాటలు పాడేది కాదు, కూనిరాగం కూడా తీసేది కాదు. సందులో ఎవరైనా పిల్లలను కేకేస్తే, చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని, ఆ కేక పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు తినేది. ఫోన్ మోగితే ఎత్తి చెవికి పెట్టుకుని ఊరుకునేది. అవతలివాళ్లు "హలో, హలో" అని విసుక్కున్నాకే పలికేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "ముందు నేను మాట్లాడితే వాళ్ల గొంతు మీద నా గొంతు పడ్తది," అన్నది. నాకేమీ అర్థం కాలేదు.

అర్థమైంది ఖాదర్ వచ్చిన రోజున.

ఖాదర్ సత్తుపల్లి గనుల నుంచి బొగ్గు లారీ తోలేవాడు. తన సంగతి ఇంట్లో తెలిశాక కొత్తగూడెంలో సొంతింటికి వెళ్లడం మానేశాడు. వాళ్లమ్మ చనిపోతే కబురు ఆలస్యంగా వచ్చింది. పరుగున వెళ్తే అన్నదమ్ములు జనాజా మోయడానికి భుజం పట్టనివ్వలేదు. ఆ మాట అతను మాతో నవ్వుతూ చెప్పాడు. చెప్పి, పెద్దమ్మ వైపు తిరిగి, "నువ్వు గొంతు తీస్తవంట గద, మా అమ్మది తీస్తవా?" అన్నాడు. వేళాకోళంగానే అన్నాడు.

మధ్యాహ్నం. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చి నేల మీద కూర్చుని, అతన్ని తన వెనక కూర్చోమన్నది. వీపుకు వీపు ఆనించి. తన కొంగు తల మీదుగా ముఖం కనపడకుండా లాక్కున్నది.

"నువ్వు తోలే తొవ్వ గురించి చెప్పు," అన్నది.

అతను పెనుబల్లి మలుపు గురించి, గుంతల గురించి చెప్పసాగాడు. చెబుతూ ఉండగానే కొంగు కిందనుంచి ఒక గొంతు వచ్చింది. సన్నటి గొంతు. ప్రతి మాటకూ ముందు ఊపిరి కోసం చిన్నగా ఈల వేసినట్టు లాగుతోంది.

"ఇత్తా సూక్ గయా రే తూ... ఖానా ఖాయా?"

ఇంత ఎండిపోయావేంరా, అన్నం తిన్నావా అని. అంతే. పెద్దమ్మకు ఉర్దూ కూరగాయల బేరానికి సరిపడా వచ్చు. అది ఆమె ఉర్దూ కాదు. గదిలో మూల పడుకున్న పిల్లి లేచి బయటికి వెళ్లిపోయింది. ఖాదర్ వీపు తీయలేదు, ఇంకా గట్టిగా ఆనించాడు. చాలాసేపటికి లేచి, ముఖం తుడుచుకుని నాతో మెల్లగా అన్నాడు.

"అమ్మకు దమ్ము రోగం ఉండె. ఆ సంగతి నేను ఈమెకు చెప్పలె."

పెద్దమ్మ అప్పటికే పెరట్లో ఉంది. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించి కరివేపాకు చెట్టు మొదట్లో ఉమ్ముతోంది. ఆ రోజు ఇక మాట్లాడలేదు. ఎప్పుడు గొంతు తీసినా అంతే చేసేది. ఆ చెట్టు గుబురుగా పెరిగి గోడ దాటింది గానీ దాని ఆకు మేమెవరం కూరలో వేసేవాళ్లం కాదు. వేయొద్దని ఎవరూ చెప్పలేదు. మార్కెట్‌లో కొనుక్కొచ్చేవాళ్లం.

తర్వాత తర్వాత ఆదివారాల్లో ఆమె వెనక కూర్చోవడానికి మనుషులు వచ్చేవాళ్లు. ఇళ్లలోంచి వెళ్లగొట్టబడి, తల్లి చావు చూడలేకపోయినవాళ్లే మాలో ఎక్కువ. మధిర నుంచి, ఇల్లెందు నుంచి వచ్చేవాళ్లు. అందరికీ తీసేది కాదు. కొందరిని విని "నీ దాంట్ల లేదు బిడ్డా" అని పంపించేది. తీసినప్పుడు వచ్చే మాటలు కూడా పెద్ద మాటలు కావు. క్షమించానని గానీ, ఎందుకు వెళ్లావని గానీ ఏ తల్లీ అనలేదు. చన్నీళ్లు పోసుకోవద్దని, అరుగు మీద బట్టలు తీయమని, దీపం పెట్టమని. ఆ చిన్న మాటలకే మనుషులు కుప్పకూలిపోయేవాళ్లు.

సురేష్‌కు ఇది నచ్చేది కాదు. ఒకరోజు మా అందరి ముందే అడిగేశాడు.

"పెద్దమ్మా, మనల్ని చూస్తేనే బయట పిల్లల్ని లోపటికి పిలుచుకుంటరు. ఇగ గిట్ల చేస్తున్నవని తెలిస్తే చేతబడి అంటరు. మన దిక్కు ఊర్లల్ల మనుషుల్ని చెట్టుకు కట్టేసి కొట్టిండ్రు, నీకెరుక లేదా?"

"ఎరుకే," అన్నది పెద్దమ్మ. "నేను చచ్చినోళ్లను పిలుస్తలేను బిడ్డా. బతికున్నోళ్లల్లకెల్లే తోడుతున్న. వాగు ఎండినంక ఇసుక తోడితే చెలిమెల నీళ్లు ఊరుతయి గద. బిడ్డ గొంతుల తల్లి గొంతు అట్ల ఉంటది. అడుగుకు."

"మరి అందరికీ రాదేంది?"

"తోడుడు ఎరుకైనోళ్లే తోడాలె."

సురేష్ గేటుకు లోపలినుంచి గడియ పెట్టించాడు. పెద్దమ్మ ఆ గడియ తీసేసింది. "మన దగ్గరకొచ్చెటోళ్లు ఒక్కసారే కొడ్తరు. తియ్యకుంటె మల్ల రారు," అన్నది. అతను మళ్లీ పెట్టలేదు.

మాది వేంసూరు దగ్గర పల్లె. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న కుటుంబం. నాన్న లేడు. అన్నయ్య పామాయిల్ తోట చూసుకుంటాడు. నేను సలోమితో కలిసి ఉంటున్నానని, అది స్నేహం కాదని ఇంట్లో చెప్పిన రోజు అన్నయ్య నా సంచి తీసి బయట పెట్టాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు. ప్రతి వారం ఫోన్ చేసేదాన్ని. ఎత్తేది. కోళ్ల అరుపు, కుక్కర్ కూత వినిపించేవి. షాపు గురించి, కాలు నొప్పి గురించి నా మానాన నేను చెప్పుకునేదాన్ని. కాసేపు విని పెట్టేసేది. ఎత్తకుండా ఉండలేకపోయింది, మాట్లాడకుండా ఉండగలిగింది. అలా కొన్నేళ్లు మా అమ్మ గొంతు నేను వినలేదు.

ఒకసారి పెద్దమ్మను అడిగాను, నా గొంతులో మా అమ్మ ఉందా అని.

"ఉన్నది. పైపైనే ఉన్నది."

"ఒక్క మాట తీస్తావా?"

ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. కోపం కాదు, బెదిరినట్టు చూసింది.

"బతికున్నోళ్లది తియ్యొద్దు. ఈడ తీస్తే ఆడ తక్కువ పడ్తది."

ఆ తర్వాత ఒక ఆదివారం సలోమికి ఆసుపత్రిలో డ్యూటీ లేదు. ఆమె నర్సు. ఇద్దరం పొద్దున్నే బస్టాండు వెనక డాబాకు వెళ్లాం. చర్చిలో పాటలు నడుస్తున్నాయి. వరండాలో పెద్దమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం. పెద్దమ్మ చేతులు ఆడుతూనే ఉన్నాయి. తల కూడా ఎత్తలేదు.

"ఏమే పంతులమ్మా, పొయ్యి మీద పాలు చూడవే."

అది మా అమ్మ గొంతు. మాటకు ముందు ఆ నవ్వుతో సహా. చిన్నప్పుడు గోడ మీద సుద్దముక్కతో రాసి బల్లులకు పాఠాలు చెబుతానని అమ్మ నన్ను అలా పిలిచేది. సలోమికి కూడా ఆ పేరు తెలియదు.

"పొంగుతున్నయ్యేమో చూ..."

ఆ మాట అక్కడ సాగింది. చూ, చూ అని నాలుక మడతపడినట్టు లాగి, ఏదో తడిసిన శబ్దమై ఆగిపోయింది.

పెద్దమ్మ రెండు చేతులతో నోరు మూసుకున్నది. చిక్కుడుకాయలు ఒళ్లోంచి జారి నేల మీద పడ్డాయి. ఆమె వీపు వెనక ఎవరూ లేరు. ఆమె కొంగు తల మీద లేదు. కళ్లు మాత్రం నాకంటే ఎక్కువ భయంతో ఉన్నాయి.

"నేను కాదు బిడ్డా," అన్నది చేతుల మధ్య నుంచి. "నేను తియ్యలె. అదే వచ్చింది."

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఎప్పుడూ ఎత్తే మనిషి ఎత్తలేదు. అన్నయ్య నా నంబరు ఎప్పుడో బ్లాక్ చేశాడు. సలోమి నా చెప్పులు తెచ్చి ముందు పడేసి, "పద," అంది. దొరికిన బస్సు ఎక్కాం. దారి పొడుగునా పక్కింటి పిన్నికి చేస్తూనే ఉన్నాను. కల్లూరు దాటాక ఎత్తింది.

"ఎవరు చెప్పారే నీకు? పొద్దున వంటింట్లో పడిపోయింది మీ అమ్మ. పాలు పొంగి మాడిపోయిన వాసన మా ఇంటి దాకా వస్తే నేనే వెళ్లి చూశాను. మీ అన్నయ్య కార్లో సత్తుపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మాట పడిపోయిందమ్మా."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటనే పట్టుకుని ఉన్నాను. మాట పడిపోయింది. ఎక్కడ పడిందో నేను విన్నాను.

ఆసుపత్రి వరండాలో అన్నయ్య నన్ను చూశాడు. గోడ వైపు జరిగి దారి ఇచ్చాడు. అమ్మ మూతి ఒక పక్కకు లాగి ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. పనిచేసే చేత్తో నా మణికట్టు పట్టుకున్నది. ఏదో చెప్పబోయింది, రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ రాలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. సలోమి గుమ్మం దగ్గరే నిలబడింది. కాసేపటికి అమ్మ పెదవి పక్కనుంచి కారుతుంటే చూడలేక లోపలికి వచ్చి తుడిచి, తల ఒక పక్కకు తిప్పి, దిండు సర్దింది. వంగినప్పుడు ఆమె చున్నీ జారింది. అమ్మ నా మణికట్టు వదిలి, అదే చేత్తో ఆ చున్నీని భుజం మీదికి మెల్లగా లాగి పెట్టింది. మళ్లీ నా చెయ్యి పట్టుకున్నది.

మాట తిరిగి రావచ్చని డాక్టరు చెప్పాడు. రాలేదు. అమ్మ ఇప్పుడు నెలలో సగం రోజులు ఖమ్మంలో మా దగ్గరే ఉంటుంది. సలోమి చేతి మందులు మింగుతుంది, నా చేతివి ఉమ్మేస్తుంది.

కానీ అప్పట్లో నాకు స్థిమితం లేదు. కొన్ని వారాల తర్వాత పెద్దమ్మ దగ్గరికి వెళ్లి అడగకూడనిది అడిగాను.

"నువ్వే తీశావా పెద్దమ్మా? నిజం చెప్పు."

ఆమె తన గొంతు మీద చెయ్యి పెట్టుకున్నది. "నాకెరుక లేదు బిడ్డా. అదే నా భయం," అన్నది.

"పోనీ ఇప్పుడైతే తియ్యొచ్చుగా. అక్కడ ఇంక తక్కువ పడేది ఏముంది? ఒక్క మాట వినిపించు."

"మనిషి ఉన్నది గద."

"గొంతు లేదు."

"గొంతు ఉన్నన్ని రోజులు నీతోని మాట్లాడిందా? గిప్పుడు గొంతు లేక నీ చెయ్యి పట్టుకున్నది. పోయి ఆడ కూసో. నా ఎనక కాదు."

అది నాకు కోపం తెప్పించింది. ఆ కోపంతోనే ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. కూర్చోవడం అలవాటైంది.

ఆ తర్వాత పెద్దమ్మ ఎవరికీ గొంతు తీయలేదు. ఆదివారాలు దూరం నుంచి వచ్చినవాళ్లకు అన్నం పెట్టి పంపించేది. మొదట్లో సురేష్ సంతోషించాడు. తర్వాత అతనే కంగారు పడ్డాడు. ఎందుకంటే ఆమె ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లర్ చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి నాతో రైతుబజారుకు వచ్చి, టమాటాల దగ్గర ఉన్నట్టుండి ఆగి, కొంగు మొత్తం నోట్లో కుక్కుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడింది. మనుషులు తోసుకుంటూ పోతున్నారు. ఒక పడుచు పిల్ల, ఎవరో నాకు తెలియదు, ఫోన్‌లో మాట్లాడుకుంటూ మా పక్కనుంచి వెళ్లింది. ఆ పిల్ల జనంలో కలిసిపోయాకే పెద్దమ్మ కొంగు తీసి ఊపిరి పీల్చింది.

"ఏమైంది?"

"అడిగితే వచ్చేది ఒకటి. అడగకున్నా వచ్చేది ఇంకొకటి. ఇగ పోదాం పా."

ఆ పిల్ల వెళ్లిన దిక్కు చాలాసేపు చూశాను. పిలిచి ఏం చెప్పాలి, మీ అమ్మను చూసుకో అనా?

మొన్న వానల్లో పెద్దమ్మకు జ్వరం వచ్చింది. దవాఖానాకు రానన్నది. సలోమి ఇంటికే వచ్చి సెలైన్ పెట్టింది. తగ్గినట్టే తగ్గి, ఒక మధ్యాహ్నం అన్నం తిని గోడకు ముఖం పెట్టి పడుకుని లేవలేదు.

నేను వెళ్లేసరికి ముందు గదిలో ఫ్రీజర్ బాక్సులో ఉంది. మఫ్లర్ ఎవరో తీసేశారు. ఖాదర్, సురేష్, ఇంకా చాలామంది నేల మీద కూర్చుని ఉన్నారు. ఎలా సాగనంపాలన్నది తేలలేదు. రంజాన్‌కు ఉపవాసం ఉండేది, ఏకాదశికీ ఉండేది, గుడ్ ఫ్రైడే నాడు చర్చి వెనక బెంచీ మీద కూర్చునేది. ఏ మతమని అడిగితే "ముందు ఎవలు పిలిస్తే వాళ్ల దిక్కు" అని నవ్వేది. ఇప్పుడు ముగ్గురూ పిలవడానికి సిద్ధంగానే ఉన్నారు. ఎదురు మసీదు పెద్దమనిషి వచ్చి అడిగి వెళ్లాడు. చర్చి నుంచి పూలు వచ్చాయి. కానీ మాకు చెయ్యి ఆడలేదు. ఆమె మనిషి ఒక్కరైనా ఉంటే బాగుండుననిపించింది. మా దగ్గరికి వచ్చే ఒక బస్సు కండక్టరు ఆమె ఫోటో తన స్టేటస్‌లో పెట్టాడు.

మరుసటి రోజు పొద్దున ఒక ముసలాయన గేటు దగ్గరికి వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాల. ములకలపల్లి అవతల అడవి పక్క ఊరి నుంచి మొదటి బస్సుకు వచ్చానన్నాడు.

"ఫోటో చూపిచ్చిండ్రు. మా తమ్ముడేమో అని వచ్చిన."

బాక్సు దగ్గరికి తీసుకెళ్లాం. అద్దం మీద చెమ్మ తుడిచి చాలాసేపు చూశాడు. అటు వెళ్లి చూశాడు, ఇటు వచ్చి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఎట్ల పోల్చాలె? మీసాలు రాని పిల్లగాడు పోయిండు ఇంట్లకెల్లి. నేనే కొట్టిన. చీర కట్టిండని కొట్టిన. పోయినోడు మల్ల రాలె. గీ ముఖంల వాడు నాకు కనిపిస్తలేడు."

"ఆమె, తాతా," అన్నాడు సురేష్ మెల్లగా.

ముసలాయన విన్నాడో లేదో. "వాడు కాకపోవచ్చు," అని తువ్వాల దులుపుకుని వెళ్లడానికి సిద్ధమయ్యాడు.

నాకు నా ఫోన్ గుర్తొచ్చింది. ఆమెకు రాయడం రాదు, వాట్సాప్‌లో మాటలే పంపేది. చనిపోవడానికి ముందు ఆదివారం నేను రావడం ఆలస్యమైతే పంపినది అలాగే ఉంది.

"గొంతు వింటే పోలుస్తారేమో చూడండి," అని పెట్టాను.

"ఏడున్నవ్ బిడ్డా... జల్దీ రా... బువ్వ సల్లగైతున్నది..."

ఆమె రోజూ మాట్లాడిన గొంతు. పక్కనే కూర్చున్నవాళ్లతో మాట్లాడినా ఎక్కడో పొలం అవతల ఉన్నవాళ్లను పిలుస్తున్నట్టు ప్రతి మాట చివరా సాగేది. అది విని మాలో ఇద్దరు ముగ్గురు ఏడ్చారు.

ముసలాయన గోడకు ఆనుకుని, అలాగే జారి కింద కూర్చున్నాడు.

"మల్ల పెట్టు."

మళ్లీ పెట్టాను.

"ఇది మా తమ్ముని గొంతు కాదు," అన్నాడు. "ఇది మా అమ్మ."

తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"వాడు పోయినంక మా అమ్మ రోజూ పొద్దుగూకంగనే అడవి మొదట్ల నిలబడి పిలిచేది. గదే మాట. గట్లనే. జరమొచ్చి పడుకున్నా లేచి పోయి పిలిచేది. ఏడనో నిలబడి వింటున్నడు, వింటె వస్తడు అనేది. పిచ్చి లేసింది అనుకున్నం. సచ్చెదాక పిలిచింది. ఊర్ల ముసలోళ్లందరికీ ఎరుక ఈ గొంతు."

నా అరచేతిలో ఫోన్ వెచ్చగా ఉంది. ఇన్నేళ్లు మమ్మల్ని తిట్టింది, తినమన్నది, చెప్పులు లోపల పెట్టుకోమన్నది, అంతా ఆ తల్లి గొంతు. ఆ పిల్లవాడు చెట్ల మధ్య నిలబడి ఆ పిలుపు ఎన్నిసార్లు విన్నాడో, లేక ఎంత దూరం పోయాక తనలోనే తోడుకున్నాడో నాకు తెలియదు. అందరి తల్లుల గొంతులూ పలికిన మనిషి సొంత గొంతు ఎలా ఉంటుందో మేమెవరం ఒక్కసారి కూడా వినలేదన్నది మాత్రం అప్పుడు తెలిసింది. ఖాదర్‌కు కూడా అదే తట్టినట్టుంది. బాక్సు వైపు చూసి తల దించుకున్నాడు.

కాసేపటికి సురేష్ అడిగాడు.

"ఎట్ల చేద్దాం తాతా? మీ పద్ధతి చెప్పు."

"అమ్మను అడవి మొదట్లనే పెట్టినం. ఆమె పక్కన జాగ ఉన్నది."

"ఊర్ల ఏమన్న అంటే?"

"అననియ్. అప్పుడు నేనే అన్న. ఇప్పుడు అనెటోళ్లకు నేను జవాబు చెప్త."

లేచి నిలబడి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. చెవి దగ్గర కాదు, ముఖానికి ఎదురుగా పట్టుకుని విన్నాడు. ఏడున్నవ్ బిడ్డా, జల్దీ రా, బువ్వ సల్లగైతున్నది. అది ఆగిపోయాక, చీకటి పడుతున్న పొలం అవతల ఉన్న మనిషికి వినపడాలన్నట్టు గొంతెత్తి జవాబు చెప్పాడు.

"నీ బిడ్డ దొరికింది అమ్మా. ఆమెను తోల్కొస్తున్న."

ఆ మాటకు సురేష్ తల ఎత్తి చూశాడు. ఖాదర్ బండి తాళాలు అందుకుని లేచాడు.